ఎక్కడి నుంచి కోశారో అడగలేదు

నిన్న మైదుకూరులో చెప్పులు కుట్టే ఆయన దారానికి మైనం రుద్దుతున్నాడు. ఎండకు మెత్తబడిన ఆ మైనం వాసనకు కాసేపు అక్కడే నిలబడిపోయాను. పంతొమ్మిది వందల యాభైలలో, కర్నూలు జిల్లాలోని ఒక ఆసుపత్రిలో, నేను రోజంతా అలాంటి వాసనలోనే పనిచేశాను. రోగి ఒంట్లోంచి కోసిన ముక్కను మైనంలో బిగించి, పలచటి పొరలుగా తరిగి, రంగు వేసి గాజు పలక మీద పెట్టడం నా పని. దాన్ని మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు రాయడం డాక్టర్ దానియేలు గారి పని. చేరిన కొత్తలో చిరిగిన పొరను పారేయబోతే ఆపి, "అదీ పెట్టప్పా. జబ్బు మంచి పొరలోనే కూర్చుంటాదా?" అన్నారు. పనంటే ఏమిటో నాకు ఆయన దగ్గరే తెలిసింది.

నందికొట్కూరు వైపు నుంచి మద్దిలేటి అనే రైతు మూత్రంలో రక్తం పడుతోందని వచ్చాడు. సర్జన్ పొత్తికడుపు తెరిచి, మూత్రాశయంలోని గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పంపారు. సీసా తెచ్చిన, కట్లు కట్టే డ్రెస్సరు, "గడ్డ మూత్రసంచి నెత్తిన ఉండాదప్పా, బొడ్డుకు నేరుగా. శానా వింత" అన్నాడు. చీటీలో మాత్రం 'మూత్రాశయం ముక్క' అని ఉందంతే. డాక్టర్ల చీటీలో మాలాంటివాళ్లు కలం పెట్టకూడదన్నది అక్కడి ఆనవాయితీ. నేను రాయలేదు. నోటితోనూ చెప్పలేదు.

మూత్రాశయంలో మామూలుగా వచ్చే క్యాన్సర్ కాదది. పేగు గోడలో ఉండేలాంటి గ్రంథులు కనిపించాయి. దానియేలు గారు రెండు రోజులు చూసి, పేగులో పుట్టి ఇక్కడికి పాకిందని రాశారు. పాకినదానికి కోత దండగని సర్జన్ మద్దిలేటిని ఇంటికి పంపేశారు. పోతూ పోతూ అతను నాతో, "కోయకుండానే పంపుతాండారంటే చిన్న జబ్బే గదప్పా!" అని నవ్వాడు.

కొన్ని నెలలకు మళ్లీ వచ్చి వార్డులోనే చనిపోయాడు. శవపరీక్షలో పేగు శుభ్రంగా ఉంది. గడ్డ మూత్రాశయం నెత్తినే, బొడ్డు వైపున పుట్టే అరుదైన రకం; గ్రంథులు పేగువాటిలాగే ఉంటాయి కాబట్టి, ముక్క ఎక్కడిదో తెలిస్తేనే పోల్చుకోగలరు. మొదట్లోనే ఆ భాగాన్ని బొడ్డు దాకా కోసి తీసేసి ఉంటే బతికేవాడేమో.

ఆ మాట అతని భార్యకు దానియేలు గారే చెప్పారు.

"మరి పేగులో ఉండాదని ఎవరు చెప్పినారు సామీ?"

"నేనేనమ్మా."

"కోస్తామంటే మేము వద్దన్నామా?" అందామె.

పాత రిపోర్టు కింద ఆయన, 'ముక్క ఎక్కడి నుంచి కోశారో నేను అడగలేదు. నా నిర్ధారణ తప్పు' అని రాసి సంతకం చేశారు. "సచ్చినోనికి దిద్దుబాటు ఎందుకప్పా, చింపేయ్" అన్నారు సూపరింటెండెంటు. దానియేలు గారు చింపలేదు. చోటు రాయని సీసాలను వెనక్కి పంపడం కూడా మొదలుపెట్టారు. "ముక్కకు గూడా ఊరూ పేరూ కావాల్నా?" అని సర్జన్లు నవ్వారు. నెల తిరక్కుండా ఆయన్ను కడప జిల్లాలో మైక్రోస్కోపే లేని చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు.

బస్సు దగ్గర ఆయనకు నిజం చెప్పాలనుకున్నాను. ఆయనే ముందుగా, "చోటు రాయకుంటే సీసా తీసుకోవద్దప్పా" అన్నారు. సరేనన్నాను. డ్రెస్సరు నాతో అన్న మాట తెలియకుండానే ఆయన ఆ బదిలీ అయిన ఊళ్లోనే చనిపోయారు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఎక్కడి నుంచి కోశారో అడగకుండా ఒక్క సీసా తీసుకోలేదు. రిటైరైన రోజు నా శ్రద్ధను అందరూ పొగిడారు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.