అంకుల్ బిళ్ళకి ఏమీ కాలేదు

వాడేసిన అణు ఇంధనాన్ని వేల ఏళ్ళు కదలకుండా పట్టి ఉంచే రాయి తయారుచెయ్యడం మా ల్యాబ్ పని. ఆ రాతి ముక్కని వేడినీళ్ళలో ఏళ్ళ తరబడి ఉంచి, కరిగిందేమో చూస్తాం. ఏమీ కాకపోతే మాకు పండగ.

మా సీనియర్ మూర్తి అంకుల్ నానబెట్టిన రాతి బిళ్ళని ఈ రోజు బయటికి తీశాం. మెరుపు కూడా తగ్గలేదు. ఆయన పోయి నెలైంది. ఆగలేక హారిసన్ ఊళ్ళో ఉంటున్న ఆయన భార్య, ఆంటీకి ఫోన్ చేశాను.

"అంకుల్ బిళ్ళ తీశాం ఆంటీ."

"ఏమైందమ్మా దానికి?"

"ఏమీ కాలేదు ఆంటీ. అలాగే ఉంది."

"హాస్పిటల్లో ఎవరైనా వచ్చి ఈ మాటే అంటారేమోనని కూర్చున్నానమ్మా, అన్ని రోజులూ," అన్నారు.

శుభవార్త చెబుదామని ఫోన్ చేసిన తెలివైనదాన్ని నేను. మీరైతే ఏమనేవాళ్ళు?