మీటరు చూసే మనిషి

నేను బండి స్టాండు వేయకముందే నా భర్త వంగి, మీటరు అద్దాన్ని బొటనవేలితో తుడిచాడు. ఇప్పుడు మేమిద్దరం విడిపోయాం. ఆయన మాట రాగానే ముఖంకన్నా ముందు నాకు ఆ వేలే గుర్తొస్తుంది.

“మడికొండల క్యాంటీన్ పనికి పోయి మట్టెవాడల ఇంటికి వచ్చేటందుకు ఇన్ని కిలోమీటర్లు తిరుగుతదా? ఇంకా యాడికి పోయినవ్?”

“యాడికీ పోలే. మీటర్ ఖరాబైంది, చెప్తనే ఉన్న గదా!”

“మీటర్‌కు అబద్ధమాడే అవసరమేముంది?”

రోజూ ఇదే మాట. ఇక ఆగలేక, అప్పుడే వెళ్లి మా గల్లీ మెకానిక్ అన్నను పిలుచుకొచ్చాను. అతను ముందు చక్రం విప్పి, లోపలున్న చిన్న పళ్ల చక్రం చూపించాడు.

“రిపేర్ల ఎవరో వేరే బండిది ఏసిండ్రు తమ్మీ. గందుకే ఎక్కువ చూపెడ్తాంది. చెల్లె తప్పేం లేదు.”

హమ్మయ్య అనుకున్నాను. నా భర్త నవ్వాడు.

“సాక్ష్యానికి మెకానిక్‌ను గూడ తయారు చేసుకున్నవా?”

పాపం, అన్న తలెత్తకుండా చక్రం బిగించి వెళ్లిపోయాడు. నాకు ఏడుపు కూడా రాలేదు.

మరునాడు పొద్దున మీటరు కేబులు ఊడబీకి, నా భర్త చాయ్ కప్పు పక్కన పెట్టాను. “ఇగ నన్నడగకు, దీన్నే అడుగు” అని చెప్పి, మీటరు తిరగని బండి తీసి పనికి వెళ్లాను.