జింకకు ఏ కత్తి

ఖతార్‌లో నా రెండో చలికాలం మొదట్లో నన్ను మెసైమీర్‌లోని యజమాని ఇంటి నుంచి ఉమ్ సలాల్‌లో ఉన్న ఆయన తోటకు పంపారు. నా వీసా ఇంటిపనిది. తోటలో మాంసం పని చూసే మనిషి సెలవు మీద వాళ్ల దేశం వెళ్లి, ఇక రానని కబురు పెట్టాడు. మాది జగిత్యాల వైపు మాంసం కొట్టే ఇల్లు. మేకను విడదీయడం మా నాయన పక్కన కూర్చుని చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఆ సంగతి మా డ్రైవర్ గంగారాం యజమాని చెవిన వేశాడు. పని నచ్చితే తోటలో ఉంచుతారు, లేకపోతే మళ్లీ మెసైమీర్‌లో మూడంతస్తుల నేల తుడవాలి. నాకు తోటే కావాలి. పొద్దున్నే గొర్రెల వాసన, గడ్డికి నీళ్లు పారే చప్పుడు, కాళ్ల కింద మట్టి. ఏడాదిపాటు అద్దాల తలుపుల మధ్య తిరిగినదాన్ని, అవి ఇప్పటికీ మరిచిపోలేదు.

తోటలో కంచె కట్టి జింకలను పెంచేవారు. బయట తిరిగే జింకను వేటాడడం అక్కడ నిషేధం. ఇవి పెంపుడువి. ఒక శుక్రవారం పొద్దున ఒక మగ జింక కాలు కంచెలో ఇరుక్కుని విరిగింది. మధ్యాహ్నానికి అతిథులు వస్తున్నారు. సూడాన్ కాపలాదారు హలాల్ చేసి, వెనుక కాళ్లు కట్టి ఇనుప దూలానికి వేలాడదీశాడు. అక్కడి నుంచి పని నాది. ముక్కలు చేయకూడదు. జింకను నిండుగా వండి అన్నం పళ్లెం మీద పెట్టాలి. అతిథుల ముందు ఆ ఇంటి మర్యాద అది.

యజమానిని మేము బాబా అనేవాళ్లం. ఆయన తన కత్తుల పెట్టె తెరిచాడు. వంపు తిరిగినది, మడతది, కొనకు కొక్కెం ఉన్నది, ఇంకా ఎన్నో. అన్నిటి మీదా ఏవో రాతలు. అప్పటికి నాకు ఏ అక్షరమూ తెలియదు. సూదిమొన ఉన్న పొడవాటి కత్తిని ఎత్తి చూపి, "హాదా జైన్" అన్నాడు, ఇది మంచిది అని. నా నడుము దగ్గర రోజూ ఉల్లిగడ్డలు కోసే కత్తి ఉంది, కర్రపిడిది, బెత్తెడు ఉంటుంది. ఆయన ముందు దాన్ని తీయడానికి సిగ్గేసింది. ఆయన ఇచ్చిందే అందుకున్నాను.

"గంత పొడుగు కత్తేందక్కా? జింకను కోస్తవా, ఖర్జూర చెట్టు నరుకుతవా?" అన్నాడు గంగారాం.

"నీ బండి నువ్వు సూస్కో తమ్మీ," అన్నాను.

పొట్ట కోసేటప్పుడు కత్తి అంచు బయటివైపు ఉండాలి. ఎడమచేతి రెండు వేళ్లు చర్మం కిందికి పోనిచ్చి, వాటి మధ్య కత్తి నడపాలి. అప్పుడు ఆ వేళ్లే పేగులకు అడ్డుగా ఉంటాయి. పొడవాటి కత్తి మొన నా వేళ్లను దాటిపోయింది. పైగా జింక పొట్ట పొర మేకదానికన్నా పలుచన. నా చెయ్యి మేక లెక్కే వేసుకుంది. కొవ్వు తగలగానే నున్నటి పిడి జారి, మొన పేగుకు చిల్లి పెట్టింది. ఆకుపచ్చటి నీళ్లు కుడి పక్కటెముకల మీదుగా కారాయి.

బాబా అప్పటికే లోపలికి వెళ్లాడు. చూసింది గంగారాం ఒక్కడే.

"పైపు వెట్టి కడుగక్కా. మసాల వడ్డంక ఎవలికి ఎరుకైతది?"

"నీళ్లు కొడితే అంతట పాకుతది. వాసన కండకు, బొక్కలకు వడ్తది. తడిసినకాడికి కోసి తీసెయ్యాలె."

"కోసి తీసేస్తే పళ్లెంల నిండుగ ఎట్ల వెడ్తరు? రేపే నిన్ను మెసైమీర్ల దింపుమంటరు. దింపేది గూడ నేనే."

చిన్న కత్తి తీశాను. చిల్లి పడిన చోట దారంతో బిగించి, లోపలిదంతా దించేశాను. తడిసిన కండను పక్కటెముకలతో సహా కోసి వేరు చేశాను. మిగతాది పొడి గుడ్డతో తుడిచాను. తరువాత బాబా వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని, జింక నిండుగా రాదని గంగారాం చేత చెప్పించాను.

ఆమెను అందరం మామా కబీరా, అంటే పెద్దమ్మ, అనేవాళ్లం. కర్ర పట్టుకుని వచ్చింది. కోసిన చోట వంగి వాసన చూసింది. పళ్లెంలోకి గొర్రెను హలాల్ చేయమని కాపలాదారుకు, జింకను ముక్కలుగా వండమని వంటవాళ్లకు చెప్పింది. నా సంగతి ఏమీ అనలేదు. నేల మీద ఉన్న పొడవాటి కత్తిని చూసి గంగారాంతో ఏదో అంది. అతను నవ్వాపుకుంటూ నాకు చెప్పాడు:

"బాబా గా కత్తిని వచ్చినోళ్లందరికి సూపిస్తడట. ఇన్నేండ్లల్ల దానితోని దోసకాయ గూడ కొయ్యలేదట."

గొర్రెను విడదీయడానికి ఆమె నన్నే పిలిచింది. కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చుంది. చిన్న కత్తితో పని ముగించేదాకా కదలలేదు. సాయంత్రం గంగారాంను పిలిచి, మెసైమీర్ నుంచి నా పెట్టె తెచ్చి ఇమ్మంది. ఆ తోటలో తొమ్మిదేళ్లు చేశాను.

ఎవరైనా అడిగితే ఇంతే చెబుతాను. పిడి కాక కత్తి బెత్తెడు మించకూడదు. పిడిని తడి చేత్తో పట్టి చూడాలి. జారితే పక్కన పెట్టాలి. అంచు పదునుగా ఉంటే మొన మొద్దుగా ఉన్నా పనవుతుంది. ఎంచుకునేటప్పుడు యజమాని పక్కన నిలబడితే, కాసేపు అవతలికి వెళ్లమని అడగాలి. ఆ రోజు నేను అడగలేకపోయాను. మరుసటి ఏడు ఇంకో జింకను కోయాల్సి వచ్చినప్పుడు అడిగాను. ఆయన వెళ్లాడు.