కొబ్బరి మానులో అనాస వాసన

తిరుపతి బస్టాండు బయట బండి మీద మాగిన అనాసపండు కోస్తుంటే ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం కొబ్బరిచెట్టు గుర్తొస్తుంది, దాని వెంటే సుజాతమ్మ మేడం. మొక్కల తెగుళ్ళ ప్రయోగశాలలో నా మొదటి అధికారి ఆవిడ. నిరుడు రిటైరయ్యారు.

ఉద్యోగంలో చేరిన మూడో నెలలో, కార్వేటినగరం దగ్గర మునిరత్నం అనే రైతు కొబ్బరితోట చూసి రమ్మని నన్నొక్కడినే పంపారు. ఇరవై రెండు చెట్ల మొదళ్ళలో ఎర్రటి బంక కారుతోంది. నోట్‌బుక్‌లో నాలుగు లక్షణాలు రాసుకున్నాను: బంక, పగుళ్ళు, వాడిన మట్టలు, రాలుతున్న పిందెలు. నాలుగూ పుస్తకంలోని గానోడెర్మా శిలీంధ్రానికి సరిపోయాయి. అది వేర్ల గుండా పక్క చెట్టుకు పాకుతుంది కాబట్టి, పట్టిన చెట్టును కొట్టేయాలి. ఆ మాటే చెప్పి, చెట్లకు సున్నం గుర్తులు పెట్టించాను. "బోరు ఎండిపోయినప్పుడు బిందెల్తో నీళ్ళు మోసి బతికించుకున్నాం సార్," అన్నాడు మునిరత్నం. నేను విన్నాను గానీ రాసుకోలేదు.

మేడం నా నివేదికపై సంతకం పెట్టలేదు. నేను చెట్టు నుంచి కోసి తెచ్చిన ముక్కను ప్రయోగశాలలో గాజు డిష్‌లో పెడితే, ఎక్కడైనా పట్టే పచ్చబూజు తప్ప ఏమీ పెరగలేదు.

"ముక్క యాడ కోసినావప్పా?"

"బాగా కుళ్ళిన చోట, మేడం."

కోపం వస్తే ఆవిడ మాట సొంతూరికి వెళ్ళిపోయేది. "సచ్చినోళ్ళింటికి ఊరంతా వస్తాది. సంపినోడు ఆడెందుకుంటాడు? పచ్చిచోటికి జరిగిపోయింటాడు. పద, పోదాం."

మేము వెళ్ళేసరికి మునిరత్నం చెట్లు కొట్టేవాళ్ళకు కబురు కూడా పంపేశాడు. మేడం కొంగు దోపుకుని ఉలితో మాను చెక్కుతూ పోయి, గోధుమరంగు మరక ఆగి తెల్లటి కండ మొదలయ్యే అంచున చిన్న ముక్క తీశారు.

"నేను చెప్పేదాకా ఒక్క చెట్టునూ ముట్టొద్దు మునిరత్నం."

"ఆ సారు కొట్టేయమనినాడు గదమ్మా?"

"సారు కొత్త. చెట్లు పాతవి."

మూడో రోజుకు డిష్‌లో తెల్లగా మొదలైన బూజు నల్లబడింది. దాని నుంచి అనాస వాసన వస్తోంది. చెరకు రైతు బిడ్డ అయిన మేడం మొహం విప్పారింది. "మా నాయన విత్తనానికి నాటిన చెరకు ముచ్చెలు కుళ్ళితే ఇదే వాసన."

"అయితే రాసేద్దామా మేడం?"

"నా ముక్కు సంతకం చెల్లదప్పా."

సూక్ష్మదర్శినిలో బూజు బీజాలు చూశాం. ఆరోగ్యంగా ఉన్న మొక్కకు ఆ బూజు ఎక్కించాం. మచ్చ పడింది. ఆ మచ్చ అంచు నుంచి మళ్ళీ అదే బూజు వచ్చింది. అది గానోడెర్మా కాదు, థైలావియాప్సిస్ అనే వేరే శిలీంధ్రం. కుళ్ళు చెక్కేసి మందు పూస్తే చెట్టు బతుకుతుంది. అప్పుడు సంతకం పెట్టి, కాగితం నా చేతికే ఇచ్చారు. "కొట్టమనిన నోటితోనే వద్దని చెప్పి రా."

ఆ దారంతా మాటలు కూర్చుకుంటూనే వెళ్ళాను. మునిరత్నం అంతా విని, ఒక బొండాం కొట్టి ఇచ్చాడు. "తాగు సార్. సున్నం గుర్తు చెట్టుదే."

ఆ తర్వాత నా తప్పును మేడం ఎవరి ముందూ ఎత్తలేదు. రిటైరైన రోజున ఆ ఉలి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. ఈ ఉదయం ఒక రైతు కుళ్ళిన కొబ్బరి ముక్కను కవర్లో తెచ్చి, "ఏం తెగులు సార్?" అన్నాడు. తెగులు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఉలి సంచిలో వేసుకుని అడిగాను: "తోట యాడ ఉండాది?"