దశరథం చదివిన ఎనిమిదో తరగతి

ఇంట్లోవాళ్ళు వాడబోయే వస్తువు ఏదైనా సరే, ముందు తాను వాడి చూస్తే తప్ప దశరథానికి నిద్ర పట్టదు. పెద్దపల్లిలో బట్టల దుకాణం నడిపే పెద్దమనిషి, పెళ్ళానికి కొన్న కొత్త చెప్పుల్లో కాళ్ళు ఇరికించి, మడమలు బయటికి వేలాడుతుండగా బజారంతా తిరిగొచ్చేవాడు. బిడ్డ మందు సగం తానే తాగి, "మస్తు చేదున్నది, జర తేనె కలుపు" అనేవాడు. ఒకసారి బర్రెకు తెచ్చిన పల్లి చెక్క కూడా నమిలి చూశాడు.

"ఎట్లున్నది?" అంది చంద్రవ్వ, నెత్తి కొట్టుకుంటూ.

"బర్రెకు నచ్చుతదే."

ఇవన్నీ చంద్రవ్వ ఓర్చుకుంది. కానీ ఆ ఏడు సంగతి బిడ్డ చదువు మీదికొచ్చింది. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో భూలక్ష్మికి చెవులు రెండూ పోయాయి. మాట మాత్రం మిగిలింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి సంగతి పట్టేసేది. అట్లాగే ఏడో తరగతి గట్టెక్కింది. లెక్కలంటే ప్రాణం. ఇక హైస్కూలు ఎక్కడ?

"హైద్రాబాద్‌ల చెవుడున్న పిల్లలకు బడి ఉన్నదట. జరంత అర్సుకో" అంది చంద్రవ్వ.

"చూసొస్త" అన్నాడు దశరథం.

చూసి రావడమంటే ఆయన లెక్కలో చేరి రావడమే. చెవుల్లో దూది కుక్కుకుని, పైన రుమాలు చుట్టుకుని, పిల్లలతో పాటు బెంచీ మీద కూర్చున్నాడు. హాస్టలు పప్పు తిన్నాడు. బడి కావలివాడి పక్కన చాప మీద పడుకున్నాడు.

"పప్పు మంచిగున్నది. చేతులతోటి ముచ్చట వెట్టుడు సుత మంచిగ నేర్పుతున్రు. గని ఏడో తరగతి దాటినంక కుట్టుపనేనట. మన పోరి లెక్కలంటది గద!"

తర్వాత అదే దూది, అదే రుమాలుతో మామూలు హైస్కూళ్ళ మీద పడ్డాడు. పెద్దపల్లి బడిలో సారు పాఠమంతా నల్లబోర్డుకే చెప్పాడు. ఇంకో ఊళ్ళో సారు మీసం పెదవుల్ని పూర్తిగా మింగేసింది.

"మీసం జర కత్తిరిస్తరా సారూ అని అడిగిన."

"ఏమన్నడు?"

"ఏం కనవడ్డది గనుక!"

బళ్ళు తెరిచి నెల దాటింది. చంద్రవ్వకు ఒళ్ళు మండింది. "ఇంతకు బిడ్డను చదివిస్తవా, నువ్వే చదువుకుంటవా? ఊళ్ళె పిల్లలంత బడికి పోతుంటే ఇది గడప మీద కూసుంటున్నది!"

"ఇంకొక్క బడి చూసొస్త" అని దశరథం లక్సెట్టిపేట దగ్గర చంద్రవ్వ తల్లిగారి ఊరికి వెళ్ళాడు. అక్కడ కొత్తగా హైస్కూలు పెట్టారు. వెళ్ళినవాడు రాలేదు. వారం దాటాక తల్లి నుంచి కబురొచ్చింది. "అల్లుడు దినాం బడికి పోతున్నడు. పోరగాండ్లు చెవిటితాత అని నవ్వుతున్రు. నాకు బయట మొఖం చెల్లుతలేదు."

చంద్రవ్వ బిడ్డను వెంటబెట్టుకుని బస్సెక్కింది. మొగుణ్ణి తిట్టాల్సిన తిట్లన్నీ దారి పొడుగునా వరుసగా పేర్చుకుంది.

తరగతి గదిలో చివరి బెంచీ మీద దశరథం తలవంచుకుని లెక్కల పరీక్ష రాస్తున్నాడు. చంద్రవ్వ నోరు తెరిచేలోపు ముందు బెంచీలోని ఒక పిల్ల లేచి వచ్చింది. భూలక్ష్మి భుజం మెల్లగా తట్టి, ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ "నీ పేరేంది?" అని అడిగింది.

"భూలక్ష్మి."

"నా పక్కకు రా."

చంద్రవ్వ తెల్లబోయింది. "గిట్ల మాట్లాడాలెనని నీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

"తాతే. ఎన్కకెళ్ళి పిలిస్తే పలుకడు. మొదాల్ మస్తు నవ్వినం. నవ్వి నవ్వి ఇసుగొచ్చింది."

లెక్కల సారు హనుమండ్లు బోర్డు మీద రాయడం ముగించి, పూర్తిగా ఇటు తిరిగాకే మాట్లాడాడు. "ఏం జేద్దునమ్మా! బోర్డు దిక్కు మొఖం పెట్టి చెప్తే మీ ఆయన లేచి నిలవడుతడు. మళ్ళ ఇటు తిరిగి చెప్పేదాంక కూసుండడు. ఇప్పుడు నాకే అలవాటైపోయింది."

చంద్రవ్వ మొగుడి వైపు చూసింది. దశరథం చెవుల్లోంచి దూది తీసి గొణిగాడు. "నవ్వేదంత నా మీదనే నవ్విపిచ్చిన. ఇగ బిడ్డకు ఏం మిగలలే."

అంత వరుసగా పేర్చుకున్న తిట్లలో చంద్రవ్వకు ఒక్కటీ గుర్తు రాలేదు.

ముందు బెంచీలో సర్దుకున్న భూలక్ష్మి వెనక్కి తిరిగి, తన బొంగురు గొంతుతో గదంతా వినిపించేలా అంది. "బాపూ, ఇగ నువ్వు ఇంటికి పో. సిగ్గయితున్నది."

తరగతంతా గొల్లుమంది. ఆ నవ్వులో భూలక్ష్మి కూడా ఉంది. దశరథం బెంచీలో ఇరుక్కున్న మోకాళ్ళు పీక్కుని బయటికొచ్చాడు.

హనుమండ్లు సారు ఆయన పరీక్ష కాగితం తెచ్చి చంద్రవ్వకు చూపించాడు. "ఒక్క లెక్క సుత సక్కగ రాలేదమ్మా. ఫెయిల్." సరిగ్గా అప్పుడే గంట గణగణ మోగింది.

"ఏమంటున్నడే సారు?" అన్నాడు దశరథం ఆత్రంగా.

"పాసైనవంటున్నడు" అంది చంద్రవ్వ.