సువార్తమ్మ గారి ఓటు

ఈ ఉదయం ఆఫీసుకు వెళ్తుంటే కాలువగట్టు మలుపులో ఎవరో తడి చెత్తకు నిప్పు పెట్టారు. ప్లాస్టిక్కూ, కుళ్ళిన కూరగాయలూ కలిసి కాలుతున్న ఆ వాసన గొంతులోకి చేదుగా దిగింది. స్కూటర్ ఆపి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఇలాంటి పొగ తగిలినప్పుడల్లా నాకు సువార్తమ్మ గారు గుర్తొస్తారు.

బందరును ఆనుకుని పెరిగిన మా చిన్న పట్టణంలో ఆవిడ కౌన్సిలర్. అంతకు ముందు ప్రభుత్వాసుపత్రిలో నర్సు. మొవ్వ దగ్గర ఒక పల్లెలో కూలి చేసుకునే కుటుంబంలో పుట్టి, మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నారు. ఉద్యోగం అయిపోయాక శివారు కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఆ కాలనీ పక్కనే ఊరి చెత్తంతా పోసే డంపింగ్ యార్డు ఉండేది. గాలి ఇటు తిరిగితే అన్నం మీద ఈగలు, పిల్లల ఛాతీల్లో పిల్లికూతలు. దాన్ని అక్కడి నుంచి తీయిస్తానన్న ఒక్క మాట మీద ఆవిడ ఎన్నికల్లో గెలిచారు. నేను అప్పుడే గుడివాడ నుంచి వచ్చి స్థానిక పత్రికలో విలేకరిగా చేరాను. కుళాయిలు, వీధి దీపాలు, కౌన్సిల్ సమావేశాలు నా వంతు. అవన్నీ చిన్న వార్తలని లోలోపల చిన్నబుచ్చుకునేదాన్ని. ఒకరోజు వాళ్ళ వరండాలో కూర్చుని ఆ మాటే అన్నాను. ఆవిడ నవ్వలేదు. “నీళ్ళు రాని ఇంట్లో ఒక్క పూట ఉండి చూడమ్మాయ్. అది చిన్నదో పెద్దదో నీకే తెలుస్తుంది” అన్నారు.

ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా చివరికి అధికారులు వేరే స్థలం చూశారు. సముద్రం వైపు వెళ్ళే దారిలో చవుడు నేల. ఆ కబురు తెలిసిన రోజు కాలనీలో స్వీట్లు పంచుకున్నారు. పక్కింటి అన్నపూర్ణ గారైతే ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశారు. అన్నపూర్ణ గారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ మనవరాలికి ఉబ్బసం. పొగ పట్టి పిల్ల ఊపిరందక గిలగిల్లాడినప్పుడల్లా పరిగెత్తుకొచ్చేది సువార్తమ్మ గారే. ఇద్దరూ వదినా, వదినా అని పిలుచుకునేవారు.

కౌన్సిల్ సమావేశానికి ముందు రోజు ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఆటోలో ఆ స్థలం చూడ్డానికి వెళ్ళారు. మంచి ఫోటో దొరుకుతుందని నేనూ ఉత్సాహంగా బయలుదేరాను. చవుడు నేల మధ్యలో ఒక ఇసుక దిబ్బ, దాని వారన చేపలవాళ్ళ ఇళ్ళు కొన్ని కనిపించాయి. దిబ్బ కింద తవ్విన చెలమలో ఒకామె చెంబుతో నీళ్ళు తోడి బిందెలో పోసుకుంటోంది. సువార్తమ్మ గారు దాహమని అడిగి తాగి, నాకూ ఇచ్చారు. ఆ ఉప్పునేలలో అంత తియ్యటి నీళ్ళేమిటని నేను ఆశ్చర్యపోయాను. మీరు దేనికొచ్చారండీ అని ఆమె అడిగింది. మాట మార్చేస్తారేమో అనుకున్నాను. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేశారు. అక్కడివాళ్ళకు ఆ సంగతి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆమె బిందె కింద పెట్టి, “అయితే మేం నీళ్ళకి ఎక్కడికెళ్ళాలండీ?” అంది. కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది.

మర్నాడు సమావేశంలో యార్డును అక్కడికి మార్చే తీర్మానం చదవగానే అందరూ ఆవిడ వైపు చూశారు, కృతజ్ఞతలు చెప్తారని. ఆవిడ లేచి నిలబడ్డారు. “మా వార్డులో యార్డు వద్దని ఇన్నాళ్ళూ పోట్లాడింది నేనే. ఇప్పటికీ వద్దు. కానీ ఆ దిబ్బ కింద మంచినీళ్ళున్నాయి, అవి తాగే మనుషులున్నారు. మరో చోటు చూడండి. దీనికి మాత్రం నేను చెయ్యెత్తను” అన్నారు. ఆ మాట విన్నాక మరికొందరు కూడా చేతులెత్తలేదు. తీర్మానం వీగిపోయింది.

నేను రాసిన వార్త కాలనీ చేరేసరికి, ఎప్పుడూ జనంతో ఉండే ఆవిడ వరండా ఖాళీ అయిపోయింది. వచ్చింది అన్నపూర్ణ గారు ఒక్కరే. కుర్చీ చూపించినా కూర్చోలేదు. “మా పిల్ల ఎలా ఎగశ్వాస పడుతుందో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? దానికంటే వాళ్ళెక్కువయ్యారా నీకు?” అని అడిగారు. “ఎక్కువ కాదు వదినా. తక్కువా కాదు” అన్నారు సువార్తమ్మ గారు. అన్నపూర్ణ గారు మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండిళ్ళ మధ్యా రాకపోకలు ఆగిపోయాయి.

సువార్తమ్మ గారు ఊరికే కూర్చోలేదు. చెత్త తగలబెట్టకుండా కాపలా పెట్టించారు, పైన మట్టి కప్పించారు, ఇంటింటికీ తిరిగి తడీ పొడీ వేరు చేయమని బతిమాలారు. కొందరు తలుపు కూడా తీయలేదు. పొగ తగ్గింది కానీ యార్డు మాత్రం కదల్లేదు. తర్వాతి ఎన్నికల్లో ఆవిడ చిత్తుగా ఓడిపోయారు. ఆ వానాకాలంలో ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉండగా పక్కింట్లోంచి పిల్ల దగ్గు వినిపించింది, ఆగకుండా. ఆవిడను పిలవడానికి ఎవరూ రాలేదు. కాసేపు చూసి లేచి వెళ్ళారు. వెనకే నేనూ వెళ్ళాను. అన్నపూర్ణ గారు తలుపు తీసి, చూసి, పక్కకు జరిగారు. సువార్తమ్మ గారు పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మందు పీల్పించి, వీపు నిమురుతూ ఉండిపోయారు. ఊపిరి కుదుటపడ్డాక అన్నపూర్ణ గారు రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి మా ముందు పెట్టారు. యార్డు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా వాళ్ళు దాని గురించి మాట్లాడుకున్నట్టు నాకు తెలియదు.

సువార్తమ్మ గారు పోయి కొన్నేళ్ళయింది. నేనింకా కౌన్సిల్ వార్తలే రాస్తున్నాను. ఎజెండాలో ఎక్కడైనా ‘ఖాళీ స్థలం’ అన్న మాట కనిపిస్తే ముందు అక్కడికి వెళ్ళి చూసొస్తాను. పూర్తిగా ఖాళీగా ఉన్న స్థలం నాకింతవరకూ కనబడలేదు. ఎవరో ఒకరు అక్కడ గేదెను కట్టేసుకుంటారు, వలలు ఆరేసుకుంటారు, తమవాళ్ళను పూడ్చుకుంటారు. వాళ్ళ సంగతి రాసిన రోజు, ఆ స్థలంలో తలపెట్టిన పని కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న మరో వీధి నా మీద మండిపడుతుంది. ఆ వీధివాళ్ళ కష్టమూ అబద్ధం కాదు. అందుకే వార్త అచ్చయ్యాక ఆ వీధికి కూడా వెళ్తాను. ఎవరైనా తలుపు తీస్తే కూర్చుని, వాళ్ళు చెప్పేదంతా విని వస్తాను.