కుట్టుకు వదిలిన అరంగుళం

ఆవిడ అసలు పేరు ఆవిడ సంతకంలో తప్ప ఇంకెక్కడా కనపడదు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి వీధి వీధంతా టేపక్క అంటుంది. నిద్రపోయేటప్పుడైనా తీస్తుందో లేదో వాళ్ళాయనకే తెలియాలి. ఆయన్ని అడిగితే "నన్నెందుకు ఇరికిస్తారు?" అని బస్సు తోలుకోవడానికి వెళ్ళిపోతాడు.

టేపక్క కుట్టేది బడి యూనిఫారాలు మాత్రమే. పెళ్ళి బట్టలు తెచ్చినా, పెద్దమనుషుల సూట్లు తెచ్చినా గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. అందుకే ఏ బడిలో ఎవరికి సీటు వస్తుందో విద్యాశాఖ వాళ్ళకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు ఆ ఊళ్ళో మూడు రకాల బడులున్నాయి. శాస్త్రాల బడికి లెక్కల్లో డెబ్బై అయిదు మార్కులుండాలి, పైగా రెండు గంటల రాతపరీక్ష. దాటితే ఇత్తడి గుండీల నీలం కోటు. భాషల బడికి ఒక వ్యాసం రాయాలి, ఆ తర్వాత ముగ్గురు టీచర్ల ఎదుట పది నిమిషాలు తడుముకోకుండా మాట్లాడాలి. దాటితే గోధుమరంగు కోటు. సామాన్య బడికి ఇంటి చిరునామా ఉంటే చాలు. పరీక్షా లేదు, కోటూ లేదు, బూడిదరంగు చొక్కా వేసుకుని వెళ్ళి కూర్చోవడమే. ఈ మూడూ ఆవిడకు మూడు తానుల గుడ్డ.

కొలతలు తీస్తూనే జోస్యం చెప్పేసేది. కదలకుండా నిలబడి, టేపు మీద అంకెలు తనే చదివే పిల్ల నీలం. కొలతలు తీసినంతసేపూ నోరు మూయకుండా, ఒక మాట చెప్పడానికి రెండు చేతులూ గాల్లో తిప్పే పిల్ల గోధుమరంగు. ఎప్పుడు అయిపోతుందా అని గుమ్మం వైపు చూసేవాళ్ళు బూడిదరంగు. తల్లులు ముందుగా ఆవిడ దగ్గరికొచ్చి, ఆ తర్వాతే దరఖాస్తు ఫారం కొనుక్కునేవారు. చెప్పొద్దూ, ఇరవై ఏళ్ళలో ఆ జోస్యం తప్పింది మూడుసార్లే. అందులో ఒకటి, ఆ రోజు పిల్లాడికి జ్వరం కాబట్టి లెక్కలోకి రాదని ఆవిడ వాదన.

కానీ పెరటి చెట్టు మందుకు పనికి రాదన్నట్టు, సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి టేపు గుడ్డిదైపోయింది.

కూతురు వాగుడుకాయ. చెయ్యి కొలుస్తుంటే ఆ చేత్తోనే కథ చెబుతుంది. నడుము కొలుస్తుంటే పక్కింటి పిన్ని నడకను అభినయిస్తుంది. వీధిలో ఎవరిని అడిగినా కళ్ళు మూసుకుని గోధుమరంగు అనేస్తారు. తల్లి మాత్రం నీలం అనుకుంది. ఊళ్ళో పిల్లలందరికీ నీలం కోట్లు కుట్టిన చేత్తో తన ఇంటి పిల్లకు ఒక్కటి కుట్టాలని ఆవిడ కోరిక. అది ఇవాళ్టి కోరికా కాదు, పిల్ల పుట్టినప్పటిది. పిల్లకు లెక్కల్లో డెబ్బై ఆరు వచ్చాయి. గీతకు పైన ఒకే ఒక్క మార్కు! టేపక్కకు అదే చాలు. పరీక్షకు ఇంకా నెల ఉండగానే నీలం గుడ్డ కోసి కోటు మొదలుపెట్టేసింది.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాడు వాళ్ళాయన.

"మీరు బస్సు చూసుకోండి" అంది ఆవిడ.

ఫారం తనే నింపింది. మీదటి సగం ఆఫీసుకి, కింది సగం రసీదుగా మన దగ్గర. మధ్యలో చుక్కల గీత, 'ఈ గీత వెంబడి కత్తిరించవలెను' అని. ఆ గీతకు సరిగ్గా పైన మూడు గళ్ళు: శాస్త్రాలు, భాషలు, సామాన్యం. టేపక్క మొదటి గడిలో టిక్కు పెట్టింది, కూతురి చేత సంతకం పెట్టించింది, కత్తెర తీసి కత్తిరించి, పై సగం పంపేసింది.

పది రోజుల తర్వాత, ఆఖరి తేదీ నాడు, ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మీ ఫారం అసంపూర్ణం, అయిదింటిలోగా వచ్చి సరిచేసుకోకపోతే అమ్మాయి సామాన్య బడికి పోతుంది అని. టేపక్క కుట్టుమిషను మీద సగం చొక్కా అలాగే వదిలేసి, రసీదు, కూతురు, రెండింటినీ పట్టుకుని పరుగెత్తింది.

కిటికీ వెనక గుమాస్తా ఫారాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. "ఇది ఫారమా అమ్మా, ఎలుక కొరికిన కాగితమా?"

"ఎలుక ఇంత తిన్నగా కొరుకుతుందా సార్? చూడండి, ఎక్కడైనా వంకర ఉందేమో!"

"గీత వెంబడి కత్తిరించమని రాసుంది కదా! మీరు పైకి కత్తిరించారు. గళ్ళన్నీ పోయాయి."

"గీత మీద ఎవరైనా కత్తెర పెడతారా సార్? గీత ఉండేది కుట్టుకి. కత్తెర అరంగుళం అవతల నడవాలి. నా దగ్గరుండే ముక్క కదా అని రసీదుకి అరంగుళం వదిలాను."

"ఇది చొక్కా కాదమ్మా!"

"చొక్కాకే అంత జాగ్రత్త పడేదాన్ని, పిల్ల చదువుకి పడొద్దా? అన్నట్టు మీ చొక్కా ఎవరు కుట్టారు సార్? కుడి భుజం జారిపోయింది."

గుమాస్తా తెలియకుండానే కుడి భుజం సర్దుకున్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. టేపక్క రసీదుకు అంటుకుని ఉన్న ఆ అరంగుళం పట్టీని కత్తిరించి బల్ల మీద ఆనించి చూపించింది. పొల్లుపోకుండా సరిపోయింది. "అతికించేసుకోండి" అంది.

"అతికించిన ఫారాలు చెల్లవు. రూలు."

"కుట్టినవి?"

గుమాస్తా రూల్స్ పుస్తకం తిరగేశాడు. మడవరాదు, అతికించరాదు, కొట్టివేయరాదు అని ఉంది. కుట్టరాదని ఎక్కడా లేదు. పుస్తకం రాసినవాడికి టేపక్క తెలియదు, ఏం చేస్తాడు పాపం! ఆవిడ అప్పటికే మెడపట్టీకి గుచ్చుకున్న సూది తీసి దారం ఎక్కించేసింది.

"అమ్మా, ఆగు" అంది కూతురు.

"ఏమైందే? టైము లేదు."

"నాకు శాస్త్రాల బడి వద్దు. భాషల బడి కావాలి."

"అది ఇప్పుడా చెప్పడం?"

"నువ్వు ఎప్పుడడిగావని? దుకాణానికొచ్చిన ప్రతి పిల్లనీ అడుగుతావు, వదులుగా ఉందా, బిగుతుగా ఉందా, ఎక్కడైనా పట్టేస్తోందా అని. నన్ను ఒక్కసారైనా అడిగావా?"

టేపక్క చేతిలో సూది ఆగిపోయింది. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఇంత మంచి మాట ఇంట్లో అనకుండా ఈ కిటికీ దగ్గర, ఇంతమంది వింటుండగా అనాలా అని. ఇంట్లో అని ఉంటే తను విని ఉండేది కాదని వెంటనే తోచింది, ఆ తోచడం ఆవిడకు ఇంకా బాధగా ఉంది. కుట్టిన నీలం కోటు కళ్ళ ముందు ఊగింది.

"సరే," అంది కళ్ళు తుడుచుకుని, "ఎక్కడ పట్టేస్తోందో చెప్పు."

అడగడమే తరువాయి, పిల్ల అందుకుంది. లెక్కల గంటలో తన ప్రాణం ఎలా విసిగిపోతుందో, ఒకే మాటకు పది అర్థాలు దొరికినప్పుడు ఎంత సంబరంగా ఉంటుందో, నీలం కోటు తొడిగి చూసిన రోజు గొంతు దాకా వచ్చిన మాట ఎలా మింగేసిందో, చేతులు తిప్పుతూ, ఎక్కడా తడుముకోకుండా చెప్పేసింది. వరసలో వాళ్ళు గొణగడం మానేసి వినసాగారు.

గుమాస్తా గోడ గడియారం చూశాడు. "పది నిమిషాలయింది అమ్మా. ఆ బడిలో మాట్లాడమనేదీ అంతే" అని, సొరుగులోంచి ఖాళీ ఫారం ఒకటి తీసి ఇచ్చాడు. "కొట్టివేతలు చెల్లవు. పాత ఫారం నంబరు రిజిస్టరులో ఎక్కేసింది, దాన్ని మార్చడానికి లేదు. ఇందులోంచి కొత్త పట్టీ మాత్రం తీసుకోండి. ఈసారి మీ అరంగుళం ఎటు వదులుతారో చూసుకోండి."

కొత్త పట్టీలో టిక్కు కూతురే పెట్టింది. తల్లి సన్నటి కుట్టుతో ఫారానికి కలిపేసింది. నాలుగూ యాభైకి ముద్ర పడింది. ఆ ఆఫీసులో దారంతో కుట్టిన ఫారం అదొక్కటేనట.

సీటు వచ్చింది. నీలం కోటు ఇంకో ఇంటి పిల్లకు సరిపోయింది. టేపక్క గోధుమరంగు కోటు కుట్టి, కూతురికి తొడిగి, అద్దం ముందు నిలబెట్టి, నోట్లో గుండుసూదులు తీసేసి మరీ అడిగింది, "వదులుగా ఉందా? ఎక్కడైనా పట్టేస్తోందా?"

పిల్ల భుజం దగ్గరొకటి, చంక దగ్గరొకటి, ముంజేతి దగ్గర రెండు, మెడ దగ్గర ఒకటి, మొత్తం అయిదు తప్పులు చెప్పింది. టేపక్క కోటు లోపల కుట్టుకు వదిలిన అరంగుళం విప్పడానికి కూర్చుంది.